చంటిబిడ్డతో సైకియాట్రీ వార్డులో

బిడ్డను నా దగ్గర్నుంచి తీసేసుకుంటారేమో. సైకియాట్రీ వార్డు అన్న మాట వినగానే నాకు కలిగిన మొదటి భయం ఇదే. మందులంటే కాదు, కరెంటు షాకు పెడతారని కాదు, ఊళ్ళో ఏమనుకుంటారో అని కూడా కాదు. నెలన్నర పసివాడు నా పక్కన లేకుండా పోతాడని. ఇదే భయంతో నోరు విప్పని బాలింతలు చాలామంది ఉంటారని తర్వాత అక్కడి డాక్టర్లు చెప్పారు. లోపల ఏం జరుగుతుందో ముందే తెలిస్తే ఒక్కరైనా కాస్త తొందరగా బయల్దేరుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

కాన్పుకు పుట్టింటికి వచ్చాను. కృష్ణా డెల్టాలో చిన్న పల్లెటూరు మాది. ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి వెళ్ళేవారు. సిజేరియన్ అయింది, బాబు ఆరోగ్యంగా పుట్టాడు. మొదటి వారంలో ఊరికే ఏడుపు వచ్చేది. అది చాలామంది తల్లులకు ఉండేదే. కాన్పయిన రెండు మూడు రోజులకు మొదలై రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. నాకు పోలేదు. ఏడుపు ఆగిపోయి దాని స్థానంలో మరొకటి వచ్చింది. బాబు నిద్రపోయినా నాకు నిద్ర పట్టదు. కళ్ళు మూసుకుంటే గుండె దడ. అమ్మ వేడి వేడి అన్నంలో బాలింతలకు పెట్టే కాయం కలిపి పెడితే, వెల్లుల్లి కారం కలిపి పెడితే, రుచి తెలియకుండా మింగేదాన్ని. చుట్టాలు వచ్చి బాబును ముద్దు చేస్తుంటే ఆ నవ్వులు ఎక్కడో పక్కింట్లోంచి వినపడుతున్నట్టు ఉండేది.

అన్నిటికంటే భయపెట్టినవి ఆలోచనలు. నా చేతుల్లో ఉండగానే బాబుకు ఏదో అయిపోయినట్టు కళ్ళముందు ఒక్క క్షణం కనబడేది. నేనే వాడికి ఏదైనా చేసేస్తానేమో అనిపించేది. ఒళ్ళంతా చెమటలు పట్టేవి. నీళ్ళు పోసేటప్పుడు ఆ గదిలో ఉండటం మానేశాను. తర్వాత ఎత్తుకోవడం మానేశాను. పాలివ్వడానికి మాత్రం అమ్మ పక్కన కూర్చుంటేనే తీసుకునేదాన్ని. "బిడ్డ మీద మమకారమే లేదేంటే దీనికి" అని అమ్మ పిన్నితో అంటుంటే విన్నాను. మమకారం లేక కాదు, నా నుంచి వాణ్ణి కాపాడుకుందామని. కానీ ఆ మాట ఎవరితో ఎలా చెప్పాలి? కొన్నాళ్ళకు, నేను లేకపోతేనే వీళ్ళందరికీ మంచిది అన్న ఆలోచన వచ్చి మనసులో తిష్ఠ వేసింది.

కుట్లు చూపించుకోవడానికి ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోమ్‌కు వెళ్ళినప్పుడు నిద్ర పట్టడం లేదని చెప్పాను. బాలింతలకు మామూలేనన్నారు, ఐరన్, కాల్షియం బిళ్ళలు రాశారు. ఒక్క ప్రశ్న అదనంగా అడిగి ఉంటే అక్కడే బయటపడేది. మన దేశంలో కాన్పయిన ఐదుగురు తల్లుల్లో ఇంచుమించు ఒకరికి డిప్రెషన్ లక్షణాలు ఉంటున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. రోజూ బాలింతలను చూసేవాళ్ళు ఆ ప్రశ్న అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నాయనమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆమె ప్రేమ ఆమెది, కట్టించుకున్నాను.

ప్రశ్న అడిగింది మా ఊరి ఆశా కార్యకర్త. బిడ్డ పుట్టాక 42వ రోజు వరకూ కొన్ని విడతలుగా వాళ్ళు ఇంటికొచ్చి చూసి వెళ్ళాలి కదా, చివరి విడతకు వచ్చింది. బాబును తూకం వేసి, పుస్తకంలో రాసుకుని, లేచి వెళ్ళబోతూ నా మొహం చూసి మళ్ళీ కూర్చుంది. "బాబు సంగతి సరే, నువ్వెట్లా ఉన్నావమ్మా?" అంది. నేను ఏడవలేదు. "నాకు బతకాలని లేదక్కా" అన్నాను, టైమెంతయిందో చెప్పినట్టు.

ఆమె కంగారు పడలేదు. తన ఫోన్లోనే 14416 కొట్టింది. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది. తెలుగులోనే మాట్లాడారు. అవతల ఉన్నావిడ డొంకతిరుగుడు లేకుండా అడిగింది, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఎలాగన్నది కూడా అనుకున్నారా, ఇప్పుడు మీ పక్కన ఎవరున్నారు అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. నాకైతే అన్నాళ్ళుగా మోస్తున్నది ఎవరో వచ్చి ఒక చెయ్యి వేసి పట్టుకున్నట్టయింది. తర్వాత అమ్మతో మాట్లాడి, అమ్మాయిని ఒంటరిగా వదలొద్దు, రేపూ ఎల్లుండీ కాదు, ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని గట్టిగా చెప్పింది.

"వైజాగ్ పోవాలా?" అంది అమ్మ. మా వైపు మనసు జబ్బంటే గుర్తొచ్చేవి రెండే, విశాఖపట్నం చినవాల్తేరులో 1871 నుంచీ ఉన్న ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. అక్కర్లేదు, మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, పడకలూ ఉంటాయి అని ఆశా అక్క చెప్పింది. నాన్న కారు మాట్లాడారు. మా ఆయన హైదరాబాద్ నుంచి బస్సెక్కారు.

పెద్దాసుపత్రికి చేరేసరికి ఓపీ టైము అయిపోయింది. క్యాజువాలిటీలో చూశారు. ముందు జ్వరం, బీపీ, షుగర్, కుట్లు. మనసు సంగతి అడక్కుండా ఇవన్నీ ఎందుకని అమ్మ విసుక్కుంది. కాన్పు తర్వాత ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా, బీపీ పెరిగినా మనిషి అయోమయంగా మారిపోవచ్చట, ముందు అవి లేవని తేల్చుకోవాలట. తర్వాత డ్యూటీలో ఉన్న సైకియాట్రీ డాక్టరమ్మ వచ్చింది. నాకంటే చిన్నదే అయి ఉంటుంది. అమ్మా నాన్నలను బయట కూర్చోమని, బాబును మాత్రం నా పక్కనే పడుకోబెట్టి తలుపు వేసింది.

గంట పైనే మాట్లాడింది. పది ప్రశ్నల కాగితం ఒకటి ముందు పెట్టింది. గడచిన ఏడు రోజుల్లో నవ్వు వచ్చిందా, కారణం లేకుండా మిమ్మల్ని మీరు నిందించుకున్నారా, అలాంటివి. ఆ పదో ప్రశ్న, నాకు నేను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. ఎడిన్‌బరో స్కేల్ అంటారట, 1987 నుంచీ ప్రపంచమంతా తల్లులను అడుగుతున్న ప్రశ్నలు.

బాబు గురించి వచ్చే ఆలోచనలు చెప్పడానికి నాకు నాలుక తిరగలేదు. ఆమే అడిగింది. "బిడ్డకు ఏదైనా చేసేస్తానేమో అనిపిస్తోందా? అట్లా అనిపించినప్పుడు నీకెట్లా ఉంటుంది?" భయంతో చచ్చిపోతున్నాను, అందుకే ఎత్తుకోవడం లేదు అన్నాను. చెవిలో ఎవరైనా చెబుతున్నట్టు వినపడుతోందా, బిడ్డలో దేవుడో దెయ్యమో ఉన్నట్టు నమ్మకంగా అనిపిస్తోందా, నిద్ర లేకపోయినా ఒంట్లో బలం పొంగుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. లేదన్నాను. అప్పుడు చెప్పింది. ఇలాంటి ఆలోచనలు చాలామంది తల్లులకు వస్తాయని, వాటిని చూసి తల్లి వణికిపోతోందంటే అవి ఆమె కోరికలు కావని, నిద్ర లేక, దిగులుతో, భయంతో మనసు పదే పదే చూపించే బొమ్మలని. నేను ఇప్పుడు లేవన్న వాటిలో ఏవైనా ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. అప్పుడు గంటలు కూడా ఆగకూడదు, బిడ్డతో తల్లిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. ఈ తేడా ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నాకనిపిస్తుంది.

అప్పుడు అడిగాను. "బాబును తీసేసుకుంటారా?"

"ఎందుకు తీసేసుకుంటాం?" అంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే రాసి ఉందట. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. తల్లి జబ్బు వల్ల బిడ్డకు ప్రమాదం ఉందని డాక్టరుకు అనిపిస్తేనే, అదీ తాత్కాలికంగా మాత్రమే వేరుగా ఉంచాలి. అప్పుడు కూడా సిబ్బందో ఇంట్లోవాళ్ళో దగ్గరుండగా తల్లి బిడ్డను చూసుకోవచ్చు, ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి మళ్ళీ పరిశీలించాలి. నాకు ఈ సంగతి నెల ముందు తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

చేరడానికి నా సంతకమే తీసుకున్నారు. భర్త సంతకమో తండ్రి సంతకమో కావాలనుకున్నాను. తన పరిస్థితి తనకు అర్థమవుతున్న మనిషి తానే వచ్చి చేరవచ్చు, దాన్ని ఇండిపెండెంట్ అడ్మిషన్ అంటారు. వెళ్ళిపోతానంటే పంపించాలి, మరీ ప్రమాదంగా అనిపిస్తే పరీక్షించి చూసుకోవడానికి 24 గంటల వరకూ ఆపవచ్చు. నా తరఫున మాట్లాడే మనిషిగా ఒకరి పేరు రాయమన్నారు. అమ్మ పేరు రాశాను. తెల్లవారాక వచ్చిన ఆయన ఆ కాగితం చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నొచ్చుకున్నారని తెలుసు. కానీ రోజంతా నన్ను చూస్తున్నది అమ్మ, నా మాటను నా మాటగానే చెప్పగలిగేదీ అమ్మే.

నాన్నకు ఇంకో దిగులు. చచ్చిపోతానన్నదని పోలీసు కేసు అవుతుందా అని డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగారు. ఆలోచన రావడం ఎప్పుడూ నేరం కాదని, ప్రయత్నం చేసినవాళ్ళను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగానే చూడాలని అదే చట్టం చెబుతోందని ఆవిడ నచ్చజెప్పింది. కరెంటు సంగతి అమ్మ అడిగింది. నాకు ఆ అవసరం లేదన్నారు. ఎవరికి ఇచ్చినా మత్తు లేకుండా ఇవ్వడం చట్ట ప్రకారం నిషేధమట.

వార్డులోకి వెళ్ళేముందు సిస్టర్ సంచులన్నీ చూసింది. బ్లేడు, కత్తెర, గోళ్ళు కత్తిరించుకునేది, ఫోన్ ఛార్జరు వైరు, మందు బిళ్ళలు, అన్నీ తీసి కవర్లో పెట్టి పేరు రాసింది. చివరికి అమ్మ గాజులకు ఉన్న పిన్నీసులు, మంగళసూత్రానికి తగిలించుకున్న పిన్నీసులు కూడా. ముప్పై ఏళ్ళుగా అవి లేకుండా అమ్మను నేను చూడలేదు. ఒక్కొక్కటే తీసి ఇచ్చింది, ఒక్క మాట అనలేదు.

ఆ వార్డు పసిబిడ్డల కోసం కట్టింది కాదు. ఊయల లేదు, రాత్రుళ్ళు దోమలు, ఎవరో ఒకరు కేకలు వేస్తూ లేచేవాళ్ళు. సిస్టర్లు వాళ్ళ గదికి ఆనుకుని ఉన్న చివరి మంచం మాకిచ్చారు, దోమతెర తెచ్చుకోనిచ్చారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచీ తల్లీబిడ్డల కోసమే వేరుగా ఒక వార్డు నడుస్తోందని అక్కడే విన్నాను. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి పెద్దాసుపత్రిలో అలాంటివి నాలుగు మంచాలున్నా చాలు, ఎందరో తల్లులు బతికి బట్టకడతారు. ఇది నా గట్టి కోరిక, అడగగలిగిన ప్రతి చోటా అడుగుతూనే ఉంటాను.

మొదట నాకిచ్చిన మందు నిద్ర. అంటే బిళ్ళ ఒక్కటే కాదు, ఏర్పాటు. రాత్రి పదింటికి పాలిచ్చి నేను పడుకోవాలి. మళ్ళీ తెల్లవారుజాము వరకూ ఎవరూ లేపకూడదు. మధ్యలో బాబుకు ముందే పిండి దాచిన నా పాలు, చాలకపోతే డబ్బాపాలు, అమ్మ ఉగ్గుగిన్నెతో పట్టాలి. డబ్బాపాల దగ్గర అమ్మకూ పెద్ద డాక్టరు గారికీ పెద్ద వాదనే జరిగింది. "తల్లి ఉండగా డబ్బాపాలేంటండీ" అంటుంది అమ్మ. ఆయన ఓపిగ్గా విని, "అమ్మా, మీ మనవడికి పాలతో పాటు తల్లి కూడా కావాలి. కొన్నాళ్ళు ఇది మందనుకోండి" అన్నారు. అమ్మ ఒప్పుకుంది. మూడో రాత్రి కాబోలు, ఒక్కసారి కూడా మెలకువ రాకుండా నిద్రపోయాను. లేచేసరికి పాలతో జాకెట్టంతా తడిసిపోయి ఉంది. తలలోని బరువు కాస్త పక్కకు జరిగింది.

డిప్రెషన్‌కు సెర్ట్రాలిన్ మొదలుపెట్టారు, తక్కువ మోతాదుతో. పాలలోకి చాలా తక్కువగా వెళుతుందని, అందుకే పాలిచ్చే తల్లులకు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటామని చెప్పారు. బాబు మరీ మత్తుగా ఉన్నా, పాలు తాగకపోయినా చెప్పమన్నారు. వాడికి ఏమీ కాలేదు. నాకు మొదటి వారం కడుపులో తిప్పింది, రెండుసార్లు విరేచనాలయ్యాయి, తర్వాత సర్దుకుంది. మందు పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పడం మంచిదయింది, లేకపోతే ఇదీ దండగే అనుకునేదాన్ని. థైరాయిడ్ పరీక్ష చేశారు, కాన్పు తర్వాత అది తేడా చేసినా ఇలాగే ఉంటుందట. నాకు థైరాయిడ్ బాగానే ఉంది, రక్తం మాత్రం తక్కువగా ఉంది.

అత్తయ్య గారు ఫోన్ చేసి, పిచ్చి మందులు తాగుతూ పాలెలా ఇస్తుంది, మానిపించెయ్యి అన్నారట. ఆయన నా దగ్గర దాచలేదు. "డాక్టరు గారిని అడిగానమ్మా, పర్వాలేదన్నారు" అని తల్లితో చెప్పి, ఆ తర్వాత ఆ సంగతి తనే చూసుకున్నారు. ఆ పూట ఆయన మీద నాకు కలిగిన గౌరవం మాటల్లో పెట్టలేను.

మొదటి రోజుల్లో బాబుతో నన్ను ఒక్కదాన్నే ఉండనివ్వలేదు. అమ్మ బాత్రూమ్‌కు వెళితే సిస్టర్ వచ్చి నిలబడేది. అవమానంగా అనిపిస్తుందేమో అనుకున్నాను. అనిపించలేదు, బాబుకు ఏమీ కాదన్న ధైర్యం వచ్చింది. సైకాలజిస్టు మేడమ్ రోజూ వచ్చి కూర్చునేది. ఆలోచన వచ్చినప్పుడు బాబు దగ్గర్నుంచి పారిపోతే భయం ఇంకా పెరుగుతుందని, అది వచ్చినా చేస్తున్న పని ఆపొద్దని నేర్పింది. మొదట ఎత్తుకుని కూర్చోవడం. తర్వాత నూనె రాయడం. ఒక పొద్దున ఆవిడా అమ్మా పక్కనుండగా, కాళ్ళు చాపుకుని, వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పుట్టిన తర్వాత మొదటిసారి నేనే నీళ్ళు పోశాను. ఆలోచన వచ్చింది. చేతులు వణికాయి. నీళ్ళు పోస్తూనే ఉన్నాను. కాసేపటికి అది పోయింది, వాడు మాత్రం గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. ఎదురు మంచం మీద ఉండే పెద్దావిడ, రోజంతా ఎవరితోనూ మాట్లాడని మనిషి, లేచి వచ్చి సాంబ్రాణి లేదా అని అడిగింది.

ఇంటికి పంపేముందు మేడమ్ నాతోనే ఒక కాగితం రాయించింది. నాకు మళ్ళీ బాగా లేకపోతోందని ముందుగా తెలిపే గుర్తులు ఏవి (వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, ఎవరైనా పలకరిస్తే జవాబివ్వాలనిపించకపోవడం), అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అర్ధరాత్రయితే ఎక్కడికి రావాలి. మందులు అమ్మ చేతికిచ్చారు, ఒక్కసారికి వారానికి సరిపడా మాత్రమే. అక్కడ ఉన్నది వారం పైచిలుకు, అంతే. డబ్బులు కట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక అంతా ఒక్కసారిగా బాగుపడలేదు. మధ్యలో ఒక రోజు మళ్ళీ పాత మాటే లోపల మొదలైంది. కాగితంలో రాసుకున్నట్టే ముందు అమ్మకు చెప్పాను, రాత్రి 14416కు చేశాను, మర్నాడు ఓపీకి వెళితే మోతాదు కాస్త పెంచారు. నెల దాటాక ఒక సాయంత్రం బాబు నవ్వితే నేనూ నవ్వాను, అది నాకు తెలిసేలోపే.

వెళ్ళాల్సి వచ్చినవాళ్ళకు కొన్ని మాటలు. ఆధార్ కార్డు, కాన్పు కాగితాలు, వాడుతున్న మందుల చీటీలు, బిడ్డ టీకాల కార్డు పట్టుకెళ్ళండి. బిడ్డకు గుడ్డలు ఎక్కువ పెట్టుకోండి, దోమతెర, ఉగ్గుగిన్నె, ఫ్లాస్కు ఉంటే మంచిది. బిడ్డను చూసుకోవడానికి తోడు ఒకరు రాత్రీ పగలూ ఉండాలి, ఇద్దరు మార్చుకుంటూ ఉండగలిగితే మరీ మేలు, మా అమ్మ ఒక్కతే ఉండి బాగా నలిగిపోయింది. తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట, డాక్టరు తల్లితో ఒంటరిగా మాట్లాడతానంటే బయటికి వెళ్ళండి. భర్త ముందూ అత్త ముందూ ఏ ఆడపిల్లా ఆ మాటలు చెప్పలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాను, డిశ్చార్జి కాగితం చూపించి ఇక్కడి డాక్టరు దగ్గర మందులు కొనసాగిస్తున్నాను. పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా తగ్గించాలి తప్ప ఒక్కసారిగా ఆపకూడదన్నారు. రెండో కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం ఇతరులకంటే నాకు ఎక్కువ. అందుకే గర్భం అనుకున్నప్పుడే ఇటు సైకియాట్రీ డాక్టరుకూ అటు కాన్పు డాక్టరుకూ చెప్పమని ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాశారు. రెండో బిడ్డ కావాలా వద్దా అన్నది ఆయనా నేనూ ఇంకా తేల్చుకోలేదు.